సిరిసిల్ల దాకా మోసిన సీమకోడి కుండ

నీళ్ళు పోయకు రూతూ. ఒక్క చుక్క కూడా పోయకు. అడుగున ఉల్లిగడ్డలు మందంగా కోసి పరిచి, వాటి మీద టర్కీ రొమ్ము ముక్కను తోలు పైకి వచ్చేటట్టు పెట్టు. నీళ్ళు ఉల్లిగడ్డలే విడుస్తాయి. ఉప్పు, మిరియాలు, అల్లం, ఎల్లిగడ్డ, కొంచెం పసుపు, వేయించి దంచిన ధనియాలు, జీలకర్ర వెన్నలో కలుపు. దాన్ని తోలు కిందికి వేళ్ళతో తోసి రాయి. పైపైన పూస్తే లోపలి కండ చప్పగా ఉంటుంది. నీ కుక్కర్‌కు అన్నిటికంటే తక్కువ వేడి గుర్తు ఒకటి ఉంటుంది కదా, అక్కడ పెట్టి ఆరు గంటలు దాని జోలికి పోకు. మూత తీసి చూడకు. నీ తమ్ముడు జోయెల్‌ను అసలే దగ్గరికి రానివ్వకు, వాడికి ఓపిక లేదు, మీ తాత పోలిక.

పోయిన ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగింది ఇంతే. తర్వాత ఇంకొకటి కూడా అడిగావు. "అమ్మమ్మా, మీ దగ్గర స్లో కుక్కర్ లేదు కదా, మరి నీకు ఇదంతా ఎట్ల తెలుసు?" అన్నావు. అప్పుడే ఫోన్ కట్ అయింది. సిగ్నల్ పోయిందని మీ అమ్మతో చెప్పాను. సిగ్నల్ పోలేదు బిడ్డా. నేనే పెట్టేశాను.

మీ స్లో కుక్కర్ లాంటిది మాకూ ఉండేది. దాలి అనేవాళ్ళం. నేలలో మోకాలి లోతు గుంట తీసి, ఎండిన పిడకలు పేర్చి, నిప్పు వేసి పైన బూడిద కప్పుతారు. దాని మీద పాలకుండ పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలు పొంగకుండా కాగి కాగి ఎర్రబడతాయి. దాలి మీద పాలు కాచడం ఊరందరికీ తెలుసు. సీమకోడి, అంటే మీరు టర్కీ అంటారే ఆ కోడి రొమ్మును దాలి మీద వండవచ్చని మాత్రం ఒక్క మనిషికే తోచింది. ఆ మనిషి నేను కాదు. మా అన్న భార్య, మా వదిన మరియమ్మ.

ఈ సంగతి మీ అమ్మకు కూడా తెలియదు. తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజుల్లో మా వదిన దగ్గరికి ఒక కుండ మోసుకుంటూ పోయాను. ఆమెకు ఒక్క మాట చెప్పి రావాలని పోయాను. ఆ ప్రయాణం ఎట్లా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

జగిత్యాల

అప్పటికి బస్సులు ఆగిపోయి చాలా రోజులైంది. బడులు లేవు, ఆఫీసులు లేవు. కరెంటు ఎప్పుడు వచ్చేదో, ఎప్పుడు పోయేదో ఎవరికీ తెలియదు. రోజూ ఏదో ఒక చౌరస్తాలో టెంటు వేసుకొని కూర్చునేవాళ్ళు. బతుకమ్మ రోజులు కూడా అవే. గునుగు పూలు, తంగేడు పూలు పట్టుకొని ఆడవాళ్ళు గుడి దగ్గరికి కాకుండా రోడ్డు మీదికి పోయి ఆడేవాళ్ళు.

సిరిసిల్ల నుంచి లంగా బట్టల మూట మోసుకొని అమ్మే ఒకాయన మా వాడకు ఎప్పుడూ వచ్చేవాడు. ఆ రోజు సైకిల్ మీద వచ్చి, మంచినీళ్ళు తాగుతూ చెప్పాడు.

"మీ వదినె పండ్లన్నీ ఊడినయ్ అక్కా. మెత్తగ ఉడికిన మక్క గట్క తప్ప ఏం తింటలేదు. మొన్న మా ఇంటిదానితోని అన్నదట, బంగ్లాల వండిన సీమకోడి అసొంటిది ఉంటే గిప్పుడు గూడ తింటుంటి, గది నాలిక మీద పెడితె కరుగుతుండె అని."

ఆయన వెళ్ళిపోయాక ఆ గ్లాసు కడిగి బోర్లించి, డబ్బాలో ఎన్ని పైసలున్నాయో లెక్కపెట్టాను.

బంగ్లా అంటే మా ఊళ్ళో మిషన్ డాక్టరమ్మ ఉండే ఇల్లు. ఆమెను దొరసాని అనేవాళ్ళం. వదినా నేనూ ఆ వంటింట్లో రోజు కూలికి పనిచేసేవాళ్ళం. గిన్నెలు తోమడం, మసాలా నూరడం, బూడిద ఎత్తడం మా పని. ప్రతి క్రిస్మస్‌కు ఎవరో ఆమెకు ఒక సీమకోడిని పంపేవాళ్ళు. వంటాయన దాన్ని కాల్చేవాడు. కాళ్ళు పరవాలేదు కానీ రొమ్ము కొబ్బరి పీచులాగా అయ్యేది. దొరసాని పాపం నీళ్ళు తాగుతూ మింగేది. ఒక ఏడు ఆ వంటాయనకు జ్వరం వచ్చి పడుకుంటే వదిన అన్నది, "పాలు కాగంగ లేంది, కండ కాగదా పిల్లా?" దాలి మీదికి ఎక్కించే ముందు ఇంకొక పని కూడా చేసింది. ముక్కను ఒక చెంబు తీపి కల్లులో రెండు గంటలు నానబెట్టింది. మిషన్ బంగ్లాలో కల్లు! తెలిస్తే ఆ క్షణమే గేటు బయట ఉండేవాళ్ళం.

ఆ మధ్యాహ్నం దొరసాని తిన్న పళ్ళెం చేతిలో పట్టుకొని వంటింట్లోకే వచ్చింది. "ఇది ఎవరు చేసినారు?" అని అడిగింది. వదిన దాలి పక్కన కూర్చొని బూడిద ఎత్తుతున్నది. తల ఎత్తలేదు. కల్లు సంగతి బయటపడుతుందని భయపడింది. నేను ముందుకు వచ్చి, "నేనే అమ్మా" అన్నాను.

వదినను కాపాడటానికే అన్నానని ముప్పై ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు కూడా. కానీ తర్వాతి వారం నాకు వంటమనిషిగా పర్మినెంటు పని ఇచ్చారు, రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. అప్పటికి కల్లు గురించి అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆ రోజైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ మరుసటి ఎండాకాలం అన్నా వదినా బతుకుదెరువుకు సిరిసిల్ల పోయారు. అన్న పోయేదాకా మగ్గాల మీద పనిచేశాడు, వదిన బీడీలు చుట్టింది. మీ అమ్మ పుట్టింది ఆ క్వార్టరులోనే. చదివింది మిషన్ బడిలో. నర్సు అయింది, మీరున్న ఆ దేశం పోయింది, మీరు పుట్టారు. నా ఒక్క మాట ఎంత దూరం పోయిందో చూడు.

అందుకని సీమకోడిని వదిన పద్ధతిలోనే వండి తీసుకుపోవాలనుకున్నాను. ఆమె తింటుండగా, "ఆ రోజు నేను అట్లా అనకుండా ఉండాల్సింది" అని చెప్పాలనుకున్నాను. అదొక్కటే పని.

కోరుట్ల, మొదటి రోజు

జగిత్యాలలో సీమకోడి ఎక్కడ దొరుకుతుంది? కోరుట్లలో దుబాయ్ నుంచి వచ్చిన లింగాగౌడ్ పెంచుతున్నాడని కూరగాయల ఆమె చెప్పింది. కొత్త మట్టికుండ ఒకటి కొనుక్కొని, షేరింగ్ ఆటోలో కూర్చున్నాను. బస్సుకు ఇరవై రూపాయలు కూడా కాని దారికి ఆటో అతను యాభై తీసుకున్నాడు. లోపల పదకొండు మందిమి.

నా పక్కన రాయికల్ నుంచి వచ్చిన ఒకామె బీడీల గంప ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. కుండ వైపు చూసి ముఖం చిట్లించింది.

"ఖాళీ కుండ పట్టుకొని బండెక్కినవేందమ్మా? బండి మంచిగ పోవాలె గదా!"

ముందు నుంచి డ్రైవర్ అందుకున్నాడు. "గట్ల చెప్పు పెద్దమ్మా. నిన్నటి సంది నాలుగు తావుల్ల ఆపిండ్రు. ఇసొంటి కుండలు ఎక్కినంకనే."

ఆమె కొంగు ముడి విప్పి గుప్పెడు బియ్యం తీసి నా కుండలో పోసింది. "గిప్పుడు ఖాళీది కాదు," అన్నది. ఎవరో, ఏమో, మళ్ళీ కనిపించలేదు. ఆ గుప్పెడు బియ్యం మాత్రం చివరి దాకా గుర్తుంది, ఎందుకో తర్వాత చెబుతాను.

కోరుట్ల మనకంటే వేరేగా ఉంటుంది. మన వాడలో ఇంటి ముందు నీళ్ళ గాబు ఉంటుంది, అక్కడ ఇంటి ముందు విమానం కంపెనీ పేరు ఉన్న పాత సంచీలు ఆరేసి ఉంటాయి. ప్రతి రెండో ఇంట్లో ఎవరో ఒకరు గల్ఫ్‌లో. చాయ్ అడిగితే పక్కన రెండు ఖర్జూరాలు పెట్టి ఇస్తారు. చక్కెర లేకుండా, ఖర్జూరం కొరుకుతూ తాగాలట. నేను చక్కెర అడిగితే హోటల్ ఆయన నన్ను పక్క ఊరి మనిషిని కాదు, పక్క దేశం మనిషిని చూసినట్టు చూశాడు.

లింగాగౌడ్ తండ్రి కల్లు గీయడానికి తాడిచెట్లు ఎక్కేవాడు. ఈయన దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్ వంటింట్లో తొమ్మిదేళ్ళు గిన్నెలు కడిగి వచ్చాడు. అక్కడి విందుల్లో సీమకోళ్ళను చూసి, వచ్చాక మక్క చేను పక్కన దొడ్డి కట్టి పెంచడం మొదలుపెట్టాడు.

"చూడనీకి మస్తు మంది అస్తరమ్మా," అన్నాడు. "ఫొటోలు దిగుతరు, పిల్లలను తెచ్చి చూపెడుతరు. కొనెటోడు ఒక్కడు లేడు. టికెట్ పెట్టినా బాగుపడుదు."

నేను ఎర్రచీర కట్టుకొని పోవడం నా తప్పు. దొడ్డి తలుపు తీయగానే ఒక పుంజు మెడ కింది తోలంతా ఎర్రగా చేసుకొని, తోక విసనకర్రలాగా విప్పి, గుడగుడమంటూ నా మీదికి వచ్చింది. నేను వెనక్కు నడిచి నడిచి ఎండబోసిన మక్కల మీద కూలబడ్డాను. కుండ మాత్రం పైకెత్తి పట్టుకున్నాను. లింగాగౌడ్ భార్య భూలక్ష్మి నవ్వలేక గోడ పట్టుకుంది.

"అత్తా, గదే నీ కోడి. గదే నిన్ను పసందు చేసింది."

కిలో మూడు వందల యాభై చెప్పాడు. నేను మరీ అంత అన్నాను. "నీకు కోడి కావాలె, నాకు కోడి పోవాలె. రెండు వేలకు తోలుకపో," అన్నాడు. రొమ్ము ముక్క నాకు, కాళ్ళు, రెక్కలు వాళ్ళకు పులుసుకు. ఆ రాత్రికి వాళ్ళింట్లోనే ఉండమన్నారు.

కోరుట్ల, రెండో రోజు: దాలి దగ్గర

పొద్దున్నే లింగాగౌడ్ కోడిని కోయడానికి పక్కింటి సాయిబును పిలిపించాడు. "దుబాయ్ల ఉన్నసంది జబహా లేంది నా గొంతు దిగదు," అన్నాడు. సాయిబు తన మాట చదివాడు, నేను నా ప్రార్థన చేసుకున్నాను, భూలక్ష్మి ఎల్లమ్మ తల్లికి దండం పెట్టింది. ఒక్క కోడికి అంత భాగ్యం ఎప్పుడూ చూడలేదు.

తర్వాత నేను గొంతు తగ్గించి, "జర తీపి కల్లు కావాలె, ఒక చెంబెడు," అన్నాను.

మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మిషనోళ్ళు కల్లు ముట్టరంటరు గదనే?" అన్నాడు లింగాగౌడ్.

"నాకు కాదయ్యా, కోడికి."

"కోడికే అనరాదు మరి. మేం గూడ గట్లనే అంటం," అని భూలక్ష్మి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. లింగాగౌడ్ తమ్ముడు ఇంకా చెట్లు గీస్తాడు. అతను తెచ్చిన కల్లు ఒక చెంబుకు బదులు చెంబున్నర పోశాను. కోడి పెద్దది కదా అనుకున్నాను. వదిన అయితే ఒక చెంబే పోసేది.

ముక్క నానేలోపు దాలి తవ్వాం. తర్వాత తడి తుడిచి, మెట్‌పల్లి పసుపు, ధనియాలు, మిరియాలు, ఎల్లిగడ్డ, ఇంట్లో చిలికిన వెన్నతో కలిపి తోలు కింద పెట్టాను. కుండ అడుగున ఉల్లిగడ్డలు, మీద మూకుడు, మూకుడు చుట్టూ తడిపిన గోధుమపిండి ముద్ద. ఆ పిండి ఆరి రాయిలాగా బిగుసుకుంటే ఆవిరి పోదు. ఆ మూతిని తినబోయే మనిషి ముందే విప్పాలి. వదిన అట్లాగే చేసింది, దొరసాని బల్ల మీదే విప్పించింది.

రోజంతా దాలి పక్కన కూర్చున్నాను. మంట లేదు, చప్పుడు లేదు. మధ్యాహ్నం దాటాక బూడిద సందుల నుంచి సన్నగా వాసన మొదలైంది. భూలక్ష్మి మూడుసార్లు వచ్చింది.

"ఒక్కపారి మూత తీసి చూద్దాం అత్తా."

"తీయద్దు బిడ్డా."

"మాడితే?"

"మాడదు. నువ్వు తీస్తనే గట్టి పడతది."

ఆమె అక్కడే పీట వేసుకొని కూర్చుంది. "గిదంత ఎవరు నేర్పిండ్రత్తా నీకు?" అని అడిగింది.

"మా వదినె," అన్నాను. "పేరు మరియమ్మ. సిరిసిల్లల ఉంటది. గీ వంట ఆమెదే, నాది కాదు."

అంతే. నోట్లోంచి ఎంత తేలికగా వచ్చిందో! ఇంత మాటకా ముప్పై ఏళ్ళు మోశాను అనుకున్నాను. సాయంత్రం దాకా ఇంకా నాలుగుసార్లు లోపల అనుకొని చూసుకున్నాను. గడగడా వచ్చేస్తున్నది. ఇక భయం లేదు అనుకున్నాను. కుండను తెల్లారేదాకా వెచ్చటి బూడిదలోనే వదిలేశాను.

చందుర్తి దాటాక

మూడో రోజు లింగాగౌడ్ తనకు తెలిసిన అంజయ్య ట్రాలీ ఆటో మాట్లాడిపెట్టాడు. నూలు బేళ్ళు తేవడానికి ఖాళీగా సిరిసిల్ల పోతున్నాడు. భూలక్ష్మి కుండను గడ్డిలో పెట్టి, గోనెసంచి చుట్టి, మీద తన పాత చీర కట్టింది. పసిపిల్లను అప్పగించినట్టు నా ఒళ్ళో పెట్టింది.

కథలాపూర్, రుద్రంగి బాగానే దాటాం. దారిలో కాల్చిన మక్క కంకి అయిదు రూపాయలు. ఒక గుంతలో బండి ఎగిరిపడి, నా కంకి పోయి గడ్డిలో పడింది. కుండకు ఏమీ కాలేదు. చందుర్తి దాటిన తర్వాత రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, రాళ్ళు, వాటి వెనక మూడు పెద్ద పొయ్యిలు. వంటా వార్పు. మీకు తెలియదు కదా, ఆ రోజుల్లో అట్లా చేసేవాళ్ళు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే బంతి వేసుకొని తినేవాళ్ళు. ఆగిన బండ్లవాళ్ళు కూడా తిని పోవాల్సిందే. ఒక పక్క ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. సమ్మెలో ఉన్న కాలేజీ సారు ఒకాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి అన్నం వడ్డిస్తున్నాడు.

పొడుగ్గా, గరిట చేతిలో పట్టుకొని ఒక పెద్దామె వచ్చింది. ఎల్లవ్వ అని పిలుస్తున్నారు.

"దిగుండ్రి, దిగుండ్రి. తిన్నంకనే బండి కదులుతది."

"సిరిసిల్లకు పోవాలె అవ్వా," అన్నాడు అంజయ్య.

"తెలంగాణ అచ్చినంక పో. ఎవరొద్దన్నరు?"

అందరూ నవ్వారు. ఆమె చూపు నా ఒళ్ళోకి వచ్చింది. "పిల్లనా, పిల్లినా గది?"

"కూర," అన్నాను. "సీమకోడి."

"సీమకోడా! రాయలసీమదా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "గట్లయితే అటే పంపియ్యుండ్రి!"

"ఊకోరా," అని ఎల్లవ్వ అతన్ని కసిరి, నా వైపు తిరిగింది. "చూడు చెల్లె, గీ బంతిల ఒక రూలున్నది. ఎవరి గిన్నె వాళ్ళు మూసుకొని కూసునుడు లేదు. నీ కూర ఇంత పెట్టు, మా పప్పు ఇంత తిను."

ఇది మా వదినకని, ఆమెకు పండ్లు లేవని చెప్పి ఉండవచ్చు. చెబితే వదిలేసేవాళ్ళే. వాళ్ళు మంచివాళ్ళు. కానీ అందరూ చుట్టూ నిలబడి చూస్తుంటే నాకు ఎక్కడో లోపల, ఆ మూత తీస్తే ఎట్లా ఉంటుందో చూడాలనే అనిపించింది. అది నిజం బిడ్డా. అంజయ్య స్క్రూడ్రైవర్ ఇస్తే పిండి పగలగొట్టాను.

ఆవిరి లేచింది. గరిట ఆనించగానే కండ పాయలు పాయలుగా విడిపోయింది. సగం ముక్క వాళ్ళకు తీసి పెట్టాను. వేళ్ళ కొనలతో తలా ఇంత తీసుకున్నారు. ఒక ముసలాయన కళ్ళు మూసుకొని, "దవడలకు పనే లేదు గదనే!" అన్నాడు. రాయలసీమకు పంపమన్నవాడు రెండోసారి చేయి చాపాడు.

కాలేజీ సారు చేతిలో మైకు ఉన్నది. "ఈ వంట చేసిన తల్లి ఎవరు?" అని అడిగాడు. వందమంది నా వైపు తిరిగారు.

"నేనే," అన్నాను.

చప్పట్లు కొట్టారు. జై తెలంగాణ అన్నారు. ఎల్లవ్వ నా భుజం మీద చేయి వేసి, "నీ చెయ్యి సల్లగుండ," అన్నది.

అక్కడ ఎవరూ నా పని తీసేసేవాళ్ళు లేరు. ఎవరి కల్లూ బయటపడేది లేదు. కాపాడాల్సిన వదిన కూడా అక్కడ లేదు. అయినా అదే మాట, అంతే తొందరగా వచ్చింది. బంగ్లాలో భయంతో అన్నానని ఇన్నేళ్ళు అనుకున్నాను. ఆ రోడ్డు మీద, చేతిలో వాళ్ళు పెట్టిన పప్పన్నం పట్టుకొని నిలబడితే తెలిసింది, భయం ఒక్కటే కాదని. ఆ పప్పన్నం రుచి నాకు గుర్తు లేదు.

సిరిసిల్ల

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి మూడు దాటింది. ఎప్పుడు పోయినా ఆ ఊళ్ళో పక్కమనిషికి ఏదైనా చెప్పాలంటే చెవిలో అరవాలి. వాడవాడంతా మగ్గాల మోత. ఆ రోజు కరెంటు లేదు. మగవాళ్ళు గడపల మీద చేతులు ముడుచుకొని కూర్చున్నారు. కాకి అరుపు కూడా వినిపిస్తున్నది.

వదిన అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. నోరు లోపలికి పోయి ముఖం చిన్నదైంది. చేతులు మాత్రం ఆగడం లేదు, చూడకుండానే ఆకు చుట్టి, దారం కట్టి పడేస్తున్నాయి.

"ఎవరది?"

"నేను వదినె, కమలను."

"అబ్బో, జగిత్యాల దొరసానా! బస్సులున్న నాడు తొవ్వ దొరకలేదు, బస్సులు లేని నాడు దొరికిందా?"

"ఎట్లనో అచ్చిన తియ్యి."

"అచ్చినవ్ సరే, గా మూటల ఏందది?" దగ్గరికి లాక్కొని చీర విప్పింది. మూకుడు చుట్టూ పగిలిన పిండిని వేలితో తడిమి చూసింది. "మూతి ఎవరు ఇప్పిండ్రు?"

చందుర్తి దగ్గర జరిగింది చెప్పాను. ఎవరు వండారని ఆ సారు అడిగిన సంగతి, నేను ఇచ్చిన జవాబు మాత్రం చెప్పలేదు. వదిన చిగుళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

"మంచిగైంది పో. తెలంగాణకు నా వాటా ముట్టింది."

కోడలు లత పళ్ళెం తెచ్చింది. వదిన బీడీ చేతులు కడుక్కొని వచ్చి, ముక్కను వేళ్ళతో చిదిమి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు మింగలేదు. నేను ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. అప్పుడు ఆమె నా వైపు వంగి, లతకు వినబడకుండా మెల్లగా అన్నది.

"కల్లు జర ఎక్కువైంది పిల్లా."

ఆమెకు అన్నీ గుర్తున్నాయి. చెంబు కొలత కూడా గుర్తుంది.

"వదినె, గా రోజు బంగ్లాల…" అని మొదలుపెట్టాను. వాసనకు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అరుగు దగ్గరికి చేరుతున్నారు. కరెంటు లేక అందరికీ తీరికే కదా. లత తలా చిన్న ముక్క పెట్టింది. వాళ్ళలో ఒకామె, "ఇంత మెత్తగ ఎట్లయిందవ్వా? ఎవరు చేసిండ్రు?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. ఈసారి నిజంగానే మా వదిన అనబోయాను. దేవుని సాక్షిగా చెబుతున్నాను రూతూ, ఈసారి అనబోయాను.

వదిన నాకంటే ముందే గొంతు పెంచి అన్నది. "గిది మా కమల చెయ్యి. అప్పట్ల బంగ్లా దొరసాని గీ చేతి కూర తినే ఈమెకు పర్మినెంటు నౌకరి ఇచ్చింది. నేను పక్కనే ఉంటి. బూడిద ఎత్తుతుంటి."

ఆడవాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను వదిన ముఖం చూశాను. ఆమె ఇంకొక ముక్క తీసుకుంటున్నది. కోపం కనిపించలేదు. నవ్వు కూడా కనిపించలేదు. కండ బాగా ఉడికిందా లేదా అని చూసే వంటమనిషి ముఖం లాగా ఉన్నది, అంతే.

"లేదు వదినె…" అన్నానో లేదో, కరెంటు వచ్చింది. వాడంతా ఒక్కసారి కేక వేశారు. మగవాళ్ళు గడపల మీది నుంచి లేచి ఉరికారు. ఇటు పది మగ్గాలు, అటు ఇరవై మగ్గాలు, నిమిషంలో నేల అదరడం మొదలైంది. ఇక మాటలు లేవు. ఆ ఊళ్ళో కరెంటు ఉన్నంతసేపు ఎవరూ మాట్లాడుకోరు, పనిచేస్తారు. వదిన పళ్ళెం పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. నేను ఆమె పక్కన కూర్చొని కత్తెర తీసుకొని ఆకు కత్తిరించి ఇచ్చాను. ఒకటి రెండు ఆకులు వంకరగా పోతే నా చేతి మీద చిన్నగా కొట్టింది, వెనకట వంటింట్లో కొట్టినట్టే.

గంట తర్వాత అంజయ్య బేళ్ళు ఎక్కించుకొని వచ్చి చేయి ఊపాడు. మర్నాడు బంద్, ఇప్పుడు పోతేనే పోవడం. లత నా చేయి పట్టుకొని, ఉండమని సైగ చేసింది. వదిన తల ఊపింది, ఉండు అన్నట్టు. ఇంట్లో కోళ్ళకు గింజలు వేసేవాళ్ళు లేరని చేతులతో చెప్పాను. కోళ్ళు ఉన్న మాట నిజమే. పక్కింటామె వేస్తున్న మాట కూడా నిజమే.

రాత్రికి మళ్ళీ కరెంటు పోతుంది కదా. మగ్గాలు ఆగిపోతాయి. అప్పుడు మేమిద్దరమే, ఏ మోతా లేకుండా. దానికి భయపడి బండి ఎక్కాను.

కుండ ఖాళీగా పంపకూడదని వదిన కడిగి తెచ్చింది. అందులో గుప్పెడు బియ్యం పోసింది. రాయికల్ ఆమె పోసినంతే.

తర్వాత

తెలిసినవాళ్ళతో రెండుసార్లు కబురు పంపాను, క్రిస్మస్‌కు వస్తానని. పోలేదు. అప్పుడు మోకాళ్ళ నొప్పి, తర్వాత ఇంకేదో. బస్సులు మళ్ళీ తిరిగాయి. జగిత్యాల నుంచి సిరిసిల్లకు ఒక పూట ప్రయాణం. సమ్మెలో మూడు రోజులు పట్టిన దారి, సమ్మె అయిపోయాక నాకు ఇంకా దూరమైంది.

తెలంగాణ రాకముందే ఒక వానాకాలంలో వదిన చనిపోయింది. ఆ రోజు మాత్రం సిరిసిల్ల పోయాను. అంతా అయ్యాక లత నా పక్కన కూర్చొని, "మీ సీమకోడి కూర గురించి అత్తమ్మ ఎన్నిసార్లు చెప్పిందో చిన్నత్తా," అన్నది.

"ఏమన్నది?"

"కమల మస్తు చేసిందన్నది."

"ఇంకేమన్న అన్నదా?"

లత ఆలోచించింది. "కల్లు ఎక్కువైందని నవ్వేది. కల్లు ఎందుకో మాకు సమజ్ కాలేదు."

నువ్వు ఈ క్రిస్మస్‌కు వండినప్పుడు మూత మీ బల్ల మీదే, తినేవాళ్ళ ముందే తియ్యి. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఎవరు నేర్పారని. అమ్మమ్మ అనకు. సిరిసిల్ల మరియమ్మ అని చెప్పు. ఆ దేశంలో ఆ పేరు ఎవరికీ తెలియదు, అయినా చెప్పు. జోయెల్‌కు కూడా నేర్పు.

కల్లు అక్కడ దొరకదు కాబట్టి పుల్లటి మజ్జిగలో నానబెట్టుకో. ఒక చెంబు చాలు.

నేను ఇప్పటికీ ఆ కుండలోనే బియ్యం పోసుకుంటాను. పొద్దున మూత తీసినప్పుడల్లా ఆమెను ఒకటే అడుగుతాను. నీకన్నీ యాదికున్నయ్ గదా వదినె, మరి అందరి ముంగట నా పేరే ఎందుకు చెప్పినవ్?